ఆది చొక్కా

"ఫుల్ హ్యాండ్సా, హాఫా?" అడిగాడు దర్జీ.

"ఫుల్" అందామె.

దర్జీ గుడ్డను బల్ల మీద పరిచాడు. హాఫ్ అయితే గుడ్డ మిగులుతుందని, మిగిలినదాంతో కర్చీఫులు వస్తాయని, కుట్టు కూలీ కూడా తగ్గుతుందని చెప్పుకొచ్చాడు. ఈ ఎండల్లో ఫుల్ చేతులు ఎవరేసుకుంటున్నారని కూడా అన్నాడు. లాభం ఎవరిదైనా సరే, లెక్క చెప్పకుండా ఉండలేని మనిషి.

ఆమె విననట్టే సంచిలోంచి ఆది చొక్కా తీసిచ్చింది. మనిషి రాకపోయినా కొలతలకు పాత చొక్కా చాలు.

చొక్కా చూడగానే దర్జీకి ఆ మనిషి గుర్తొచ్చాడు.

"సార్ కనబడి చాలా రోజులైందమ్మా. బండికి ఫుల్ ట్యాంకు, పాటలకి ఫుల్ సౌండు. ఇటు వస్తే మలుపులోనే తెలిసిపోయేది. అయినా సార్ ఎప్పుడూ హాఫేగా? మెషీన్ దగ్గర పొడుగు చేతులు పనికిరావు అనేవారు."

"ఇప్పుడు మెషీన్ దగ్గరికి వెళ్ళటం లేదు."

అది నిజమే. ఫ్యాక్టరీలో ఫుల్ డ్యూటీ చేసి, ఆపైన ఓవర్‌టైమ్ కూడా వదలని మనిషి. వాళ్ళు 'ఫుల్ అండ్ ఫైనల్' అన్న కాగితం మీద సంతకం పెట్టించుకుని పంపేశాక గోడకేసి తిరిగి పడుకున్నాడు. పలకరించడానికి వచ్చినవాళ్ళతో మొదట్లో ఇల్లు హౌస్‌ఫుల్. తర్వాత ఎవరి పనులు వాళ్ళవి. ఫుల్లుగా తాగి గొడవ చేసినా బాగుండునని ఆమెకు ఒకసారి అనిపించింది. ఆయన తాగలేదు. అరవలేదు. పెడితే తిన్నాడు, పెట్టకపోతే అడగలేదు. చూసి చూసి ఆమెకూ అలాగే అలవాటైపోయింది.

ఆమె తమ్ముడికి హార్డ్‌వేర్ షాపుంది. కౌంటర్ దగ్గర కూర్చునే పని ఇస్తానన్నాడు. కాకపోతే వాడూ వ్యాపారస్తుడే. సోమవారం బావ రాకపోతే వేరేవాణ్ణి పెట్టుకుంటానని, కుర్చీ ఖాళీగా ఉంటే నష్టమని, ఏమీ అనుకోవద్దని ముందే చెప్పేశాడు. ఆమె ఏమీ అనుకోలేదు. వాడి చోట తానున్నా అదే చెప్పేది.

ఆ మాట చెవిన వేస్తే ఆయన గోడ వైపే చూస్తూ, "ఫుల్ చేతుల చొక్కా ఉంటే వెళ్తాను" అన్నాడు. చాలా రోజుల తర్వాత ఆయన నోట వచ్చిన పెద్ద మాట అదే. ఆమె బేరం కుదుర్చుకున్నదానిలా వెంటనే గుడ్డ కొనుక్కొచ్చింది.

"మరి చేతి పొడుగు ఈ ఆదిలో లేదే?" అన్నాడు దర్జీ.

ఆమె కొంగున కట్టుకొచ్చిన దారం విప్పింది. భుజం నుంచి మణికట్టు దాకా కొలిచి ముడేసిన దారం.

"ఇది చాలు. ఒక చెయ్యి కొలిస్తే రెండోది దాని జతేగా. గుడ్డ మడతేసి రెండూ ఒకేసారి కత్తిరిస్తాం."

"కఫ్ మాత్రం కాస్త వెడల్పుగా పెట్టండి. గుండీ విప్పకుండానే చెయ్యి దూరాలి."

దర్జీ నవ్వాడు. "గాజులు తొడుక్కున్నట్టు తొడుక్కుంటారా ఏంటి సార్?"

ఆమె నవ్వలేదు. చొక్కా శనివారానికి కావాలని మాత్రం చెప్పి వచ్చేసింది.

సోమవారం పొద్దున ఆయన లేచి, తనే స్నానం చేసి, కొత్త చొక్కా అందుకున్నాడు. గుండీ పెట్టి ఉన్న కఫ్‌లోంచి చెయ్యి సులువుగా బయటికొచ్చింది. ఆమెను పిలవలేదు. ముందు గుండీలు కూడా ఒక్కొక్కటే నిదానంగా పెట్టుకున్నాడు.

ఆమె గుమ్మంలో నిలబడి చూసింది. సంతోషం కలగలేదు. ఏడుపూ రాలేదు. షాపు తెరిచే వేళయిందన్న సంగతి ఒక్కటే తట్టింది.

"వెళ్దామా?" అన్నాడు.

"ఉండండి" అని దగ్గరికొచ్చి, భుజం నుంచి ఖాళీగా వేలాడుతున్న ఎడమ చేతి గుడ్డను ప్యాంటు జేబులోకి దోపి, ఊడిపోకుండా పిన్నీసు పెట్టింది.