చివరి జెండా

అరవై కిలోమీటర్ల కొండల పరుగులో అందరికంటే వెనకబడింది నేనే. నా వెనక, ఈ పరుగుకి సాయం చేస్తున్న ఆ ఊరి పోస్ట్‌మ్యాన్ ఒక్కడే వస్తున్నాడు. దారి చూపే ఎర్రజెండాలను పీకి సంచిలో వేసుకోవడం ఆయన పని.

పీకినప్పుడల్లా రాళ్లలో కిర్రుమనేది. వెనక్కి పోదామన్నా ఇక గుర్తులు లేవు.

పొగమంచు కమ్మేసింది. ముందు మూరెడు వెడల్పు గట్టు, రెండు పక్కలా లోయ. ఒక బండను కరుచుకుని కూర్చుండిపోయాను.

"ఆగకండమ్మా! నడవండి!" అన్నాడు వెనకనుంచి.

"మీకేం, ఎన్నయినా చెప్తారు! ముందు నడిచేది నేను కదా!" అని కసిరాను.

ఆయన ఉన్నచోటు నుంచి కదల్లేదు. ఏడుస్తూ, తిట్టుకుంటూ, పాకుతూ ఎలాగో గట్టు దాటాను.

అప్పుడు తెలిసింది, ఆ కిర్రుమనే చప్పుడు ఆగిపోయిందని.

పిలిచాను. పలకలేదు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నాలుగడుగులు వెనక్కి పాకాను. గట్టు నడుమ ఆయన అక్కడ మిగిలిన చివరి జెండాకర్రను రెండు చేతులా వాటేసుకుని కూర్చుని ఉన్నాడు. ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"ఎత్తంటే నాకు చచ్చేంత భయమమ్మా. ముందు మనిషి వీపు కనబడితేనే అడుగు పడుతుంది. అందుకే ఏటా చివరి మనిషి వెనక నడిచే ఈ పని అడిగి మరీ తీసుకుంటా" అన్నాడు. "మీరేమో మంచులో కనబడకుండా పోయారు."

ఆయనకు బాగా కనబడేంత దగ్గరికి జరిగి, వీపు తిప్పి నిలబడ్డాను.

"జెండా పీకండి" అన్నాను.

చాలాసేపటికి నా వెనక కిర్రుమంది.