యలమంద పథ్యం

“ఇది అన్నమటే? పిచ్చికలకెయ్యి, అవి కూడా మొహమాటానికే తింటాయి!” అంటూ యలమంద కొర్రన్నం కంచాన్ని అవతలికి నెట్టాడు.

సుబ్బరావమ్మకి ఒళ్ళు మండింది. పొద్దున్నే నానబెట్టి, మాడకుండా కనిపెట్టుకుని మరీ వండింది.

“అరవకయ్యా! నాకు షుగరొచ్చి రెండేళ్ళయినా లెక్కచెయ్యలేదంటే, నాది మొండి ఘటం. మొన్న పేట ఆస్పత్రికెళ్ళొచ్చి నీకూ వచ్చిందంటివి. ఇంకా తెల్లన్నం తింటే కళ్ళు పోతాయంట, కాళ్ళు పోతాయంట!”

“పోతే పోనీ. ఈ ఇసక నేను మింగలేను.”

ఆమె కంచం తన వైపు లాక్కుంది. రోజుకి పదిసార్లు తిట్టిపోసినా సరే, ఆ మనిషి ఎదురుగా లేకపోతే ఆమెకి పూట గడవదు. అలాగని కళ్ళొత్తుకుంటూ కూర్చునే రకమూ కాదు. కొంగు దోపి వంటింట్లోకి నడిచింది.

మూకుట్లో నువ్వులనూనె కాగాక వేరుశెనగ గుళ్ళు, ఎండుమిర్చి, కరివేపాకు, దంచిన వెల్లుల్లి వేసింది. అవి చిటపటలాడగానే జాడీలోంచి పండుమిరపకాయ పచ్చడి తీసి అందులో మగ్గనిచ్చి, కొర్రన్నం పొడిపొడిగా కలిపింది. ఆ ఘాటుకి పక్కింటి కరీమున్ తుమ్ముకుంటూ గోడ మీంచి తొంగిచూసింది.

“ఏంటి పిన్నీ, ఊరందర్నీ దగ్గిస్తున్నావు?”

“మీ బాబాయికి పథ్యం వండుతున్నానే!”

యలమంద అనుమానంగా ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నుదుట చెమట పట్టింది. ముక్కు తుడుచుకుని ఇంకో ముద్ద పెట్టుకున్నాడు.

“ఎట్టా ఉంది?” సుబ్బరావమ్మ అడిగింది.

“దిగుతోందిలే గొంతులోకి. నువ్వూ పెట్టుకో. ఒక్కణ్ణే తినాలంటే జైలు కూడులాగా ఉంటుంది.”

“చంటిపిల్లాడు నయం నీకంటే” అని గొణుక్కుంటూ ఆమె తన కంచంలోనూ అదే వడ్డించుకుంది.

ఆ రోజు నుంచి ఆమె చేతికి విశ్రాంతి లేదు. ఒకనాడు కొర్రన్నంలో గోంగూర కలిపేది, ఒకనాడు దాంతోనే చింతపండు పులిహోర చేసేది, ఇంకోనాడు ముద్దపప్పులో నెయ్యి వేసేది. యలమంద వంకలు పెడుతూనే కంచం ఊడ్చేవాడు. ఆమె ఎదురుగా కూర్చుని తినకపోతే మాత్రం ముద్ద ముట్టేవాడు కాదు.

రెండు నెలలయ్యాక చిలకలూరిపేట ఆస్పత్రిలో ఫెబా డాక్టరుగారు సుబ్బరావమ్మ వేలికి సూది గుచ్చి, మిషను చూసి నవ్వింది.

“షుగరు బాగా తగ్గిందమ్మా! ఏం తింటున్నారు?”

“నా సంగతి తర్వాతండీ. ముందు ఈయనకి చూడండి.” సుబ్బరావమ్మ మొగుడి చెయ్యి లాగి బల్ల మీద పెట్టింది.

“నాకెందుకులేండి” అంటూ యలమంద చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

“నిజమే, ఆయనకెందుకమ్మా? పోయినసారి నేనే చూశానుగా, ఆయనకి షుగరు లేదు” అంది డాక్టరుగారు.

సుబ్బరావమ్మ నోరు తెరుచుకుని మొగుడి వైపు తిరిగింది. “మరి ఇన్నాళ్ళూ ఆ ఇసకెందుకు తిన్నావయ్యా?”

యలమంద తువ్వాలు సర్దుకుంటూ నేలచూపులు చూశాడు.

“నీ ఒక్కదాని పథ్యం కోసమైతే నువ్వు పొయ్యి ముట్టించేదానివటే?”