రేకు పంపిన కబురు

అప్పటికి ఆ ఊళ్ళో, చుట్టను నిప్పువైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగిన ముసలమ్మలందరి దవడల్లోనూ క్యాన్సర్ కోసేసి వేసిన లోహపు రేకులే ఉండేవి. నోట్లో వేడి తగిలితే చాలు, రేకు ఇంట్లోవాళ్ళ ఫోనుకు కబురు పంపేది. కుక్కరు కూతకు అలవాటు పడ్డట్టే అందరూ దానికీ అలవాటు పడ్డారు.

అచ్చియ్యమ్మ రేకు కబురు పంపగానే కోడలు దమయంతి అమ్మవారి గుడికి పరుగెత్తింది. గర్భగుడి ముందు నిలబడ్డ అత్త నోట్లోంచి పొగ వస్తోంది.

"ఏటత్తా! దవడ కోసినా బుద్ధి రానేదా? గుళ్ళో కూడా అడ్డపొగేనా? నోరు తెరు!" అంటూ అందరి ముందూ భుజం పట్టి తిప్పింది.

అచ్చియ్యమ్మ నోరు తెరిచింది. నాలుక మీద కర్పూరం కాలిన నల్లటి మచ్చ ఉంది.

"హారతే," అంది, మాట తడబడుతూ. "నీ నోట్లో పుండు క్యాన్సర్ కాదని తేల్తే నాలిక మీద ఎలిగిస్తానని మొక్కినాను. నిన్న డాక్టరు కాదన్నాడు కదే."

దమయంతి చెయ్యి జారిపోయింది. ఆ నాలుకే కావలసి వచ్చిందా తల్లీ అని అమ్మవారిని అడగబోయింది. తానన్న మాటలు గుర్తొచ్చి తల దించుకుంది.

అత్త ఆమె చేతిలో కొబ్బరిముక్క పెట్టి, "తినే, ఒట్టి పుండే గదా," అంది.

దమయంతి దాన్ని నోటిదాకా ఎత్తలేకపోయింది.