కట్టెల కొట్టులో కథ

బుధవారం పొద్దున కమలాబాయి బయట కూర్చుంది.

"ఇప్పుడే కూసోవాల్నా నువ్వు? ఇంటి నిండ మందిని పెట్టుకొని!" అని అత్తగారు అనసూయమ్మ వీధి చివరికి వినిపించేట్టు నెత్తి కొట్టుకుంది. చాప, చెంబు, పాత దుప్పటి దూరం నుంచి విసిరింది. ఇక మూడు రోజులూ పెరట్లోని కట్టెల కొట్టే కమల లోకం. ఎవరినీ ముట్టుకోకూడదు, ఏదీ తాకకూడదు. నాలుగో రోజు తలస్నానం చేస్తేనే లోపలికి ప్రవేశం.

భారత సైన్యం హైదరాబాదు మీదికి వస్తోందని సికింద్రాబాదు తలుపులు బిగించుకుని కూర్చున్న సెప్టెంబరు అది. కమల భర్త సదాశివ రైల్వే గార్డు. బండ్లు ఆగిపోయి కాజీపేటలో చిక్కుకుపోయాడు. గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, మొన్న ఆదివారం ఆడబిడ్డ బాలమ్మ రజాకార్ల భయంతో జనగాం నుంచి వచ్చి దిగింది. ఒక్కతే కాదు, పిల్లాపాపలతో, అత్తవారి వైపు మందితో సహా. ఉన్నది రెండు గదుల ఇల్లు. పొయ్యి ఆరితే ఒట్టు.

ఇంత గోలలోనూ కమల బెంగంతా ఒక్క కథ మీద. ఊళ్ళోని ఒక తెలుగు పత్రిక దసరా సంచికలో ఆడవాళ్ళకు ఒక పేజీ ఇస్తామంది. శనివారం సాయంత్రానికి కథ అందితే ఆమె పేరు మొదటిసారి అచ్చులో పడుతుంది. అందకపోతే ఆ జాగాలో జుట్టునూనె ప్రకటన వేస్తారట. కథ పూర్తయితే ప్రెస్సులో ఇచ్చి వస్తానని పక్కింటి ప్రేమమణి టీచరమ్మ మాట ఇచ్చింది. రాయడమే తరువాయి.

అసలు పెళ్ళయ్యాక కమల రాసిందంతా ఈ కొట్టులోనే. మిగతా రోజుల్లోనూ ఆమెకు చేతులు ఉండేవి, ఖాళీగా మాత్రం ఉండేవి కావు.

కానీ అత్తగారి కంట పడకుండా రాయాలి. కాగితమంటే సరస్వతి. మైలలో సరస్వతిని ముట్టుకుంటే ఇంకేమన్నా ఉందా? చూసిందంటే తీసుకెళ్ళి పొయ్యిలో పెట్టేస్తుంది. అందుకే కమల పాత రైల్వే కాగితాల వెనకవైపు పెన్సిలుతో రాసి, అలికిడి కాగానే చాప కిందికి తోసేది. అదృష్టం, అనసూయమ్మ చప్పుడు లేకుండా వచ్చే మనిషి కాదు. "దూరం, దూరం! బువ్వ తెస్తున్న!" అని బావి దగ్గర నుంచే అరుస్తూ వచ్చేది.

కొట్టు కారుతోంది. కట్టెల్లో జెర్రులు. పైన విమానాల మోత. తలుపు తీస్తే అందరి కళ్ళూ పడతాయి, వేస్తే అక్షరం కనపడదు. కథలోని పిల్ల కూడా ఎక్కడో ఇరుక్కుని కదలనంటోంది. జైల్లో వాళ్ళకైనా ములాఖత్ ఉంటుంది, నాకు అదీ లేదు అనుకుంది కమల.

గురువారం పిల్లలు ఆడుకుంటూ కొట్టు వైపు వచ్చారు. "అటు పోతే కాళ్ళు ఇరగ్గొడ్త! మైల!" అని అనసూయమ్మ తరిమేసింది.

మధ్యాహ్నానికి బాలమ్మకు ఓపిక నశించింది. "అమ్మా, లడాయి దినాలల్ల గీ మైల ఏందే? కమలను లోపటికి రానియ్యి. నాకు పొయ్యికాడ జెర ఆసరైతది. గా కొట్టు మీద బాంబు పడితే ఏం గావాలె?"

"లడాయైతేంది, ఇంకోటైతేంది? మైల మైలనే. నా పానం ఉండంగ రానియ్య."

కొట్టులో కమలకు ఏడుపు వచ్చింది. బాంబు పడినా పట్టని రాక్షసి అనుకుంది. ఆ రాక్షసే మోకాళ్ళ నొప్పులతో అంతమందికీ రొట్టెలు కాలుస్తోందని గుర్తొచ్చి ఇంకాస్త ఏడ్చింది.

శుక్రవారం సాయంత్రం వీధిలో ఒక్కసారిగా కేకలు లేచాయి. నిజాం లొంగిపోయాడట! రేడియోలో చెప్పారట! తలుపులన్నీ తెరుచుకున్నాయి. బాలమ్మ పిల్లలు జెండా కోసం మంచి చీర ఒకటి చింపారు. ఊరందరికీ విడుదల దొరికింది. కమల ఒక్కతే గోడకు ఆనుకుని కూర్చుంది. తెల్లారితే తలస్నానం, ఆపైన పొయ్యి. కథ ఇంకా తేలనే లేదు.

శనివారం పొద్దున్నే బాలమ్మ పిలిచింది. "కమలా, నీళ్ళు కాగినయ్. జల్ది తానం చేసి రా. ఇయ్యాల పండుగ లెక్క, మస్తు పనుంది!"

కమల చేతిలోని పెన్సిలు వదల్లేదు. ఇంకొక్క పూట దొరికితే చాలు. ఏమని అడుగుతుంది? ఎవరిని అడుగుతుంది?

ఈసారి "దూరం" అన్న కేక వినపడలేదు. తలుపు తోసుకుని అనసూయమ్మ తిన్నగా లోపలికి వచ్చేసింది. కాగితాలన్నీ కమల ఒళ్ళోనే పరిచి ఉన్నాయి. దాచే వ్యవధి లేదు.

అత్తగారు కాగితాల వంక చూసింది. కమల వంక చూసింది. పెరటి వైపు తిరిగి కేక పెట్టింది.

"బాలమ్మా, గా నీళ్ళు నువ్వే పోసుకో! దీనికి ఇంక తేరలే. ఇంకో దినం అయితది."

తర్వాత కోడలి మీదికి వంగి గొంతు తగ్గించింది.

"మొన్న చవితి పండుగనాడే బయట కూసున్న పిల్లవి, వారం దినాలకే మళ్ల కూసుంటే నమ్మెతందుకు నేనేమన్న పిచ్చిదాన్నా, జెర జల్ది రాయి!"