కాన్పు అధ్యాయం తూకం

నవల మొదలుపెట్టేటప్పుడు నా చేతిలో ఉన్నవి ఒక రీము కాగితం, కొట్టు కట్టేశాక దొరికే ఒక గంట. దాని మీద విసుగు పుట్టినప్పుడల్లా రాసిన కాగితాలను సరుకులు తూచే కాటా మీద పెట్టి చూసుకునేవాణ్ణి. బరువు పెరిగితే హుషారు వచ్చేది.

కథానాయిక కాన్పు దగ్గర మూడు నెలలు కలం సాగలేదు. ఈ రాత్రి మూడు కిలోల బిడ్డ పుట్టగానే చనిపోయినట్టు రాసి గట్టెక్కాను.

చదివి వినిపిస్తే నా భార్య మొహం చిట్లించింది. "పసిగుడ్డును చంపితే గానీ మీ పుస్తకం కదలదా?"

"కథే కదే!"

"అయితే మీరే తూచుకోండి," అని మేడెక్కేసింది.

కాగితాలు తూచి తీసేశాను. ముల్లు సున్నాకు రాలేదు. మూడు కిలోల దగ్గర సన్నగా వణుకుతోంది. పళ్లెం మీద చెయ్యి పెట్టి చూశాను.

ఏడాది రాతకు నాకు మిగిలింది ఇదీ: ఖాళీ పళ్లెంలో మూడు కిలోల బరువు, కొంచెం వెచ్చదనం.