ఖాళీగా కనిపించిన డ్రైవ్

"అక్కా, జాగ లేదంటున్నది. ఒకటి తీసెయ్యాల్నా?"

వసంత మానిటర్ మీద వేలు పెట్టి చూపించింది. పక్క సీట్లోని రాజరాజేశ్వరి లేవకుండానే చూసింది. నాలుగు జీబీల హార్డ్ డిస్కు, రెండు భాగాలు. మొదటిదాంట్లో విండోస్. రెండోది డి డ్రైవ్, ఆఫీసు టెస్ట్ రిపోర్టులన్నీ అందులోనే. వసంత ఎక్కిస్తున్న లైనక్స్ తెర మీద మాత్రం దానికి పేరు లేదు, ఒక అంకె ఉందంతే.

అది 1999. హైటెక్ సిటీలోని ఆ అంతస్తులో, విండోస్‌కి బదులు వాడే ఈ లైనక్స్ తెలిసింది ఒక్క రాజరాజేశ్వరికే. పత్రికతో వచ్చిన సీడీ పెట్టుకుని ఇంట్లో రెండు నెలలు కుస్తీ పట్టింది. రెండుసార్లు సొంత డిస్కు తుడిచిపెట్టుకుపోయాక గానీ పట్టు దొరకలేదు. ఆ సంగతి మేనేజర్ ఆంజనేయులుకీ చెప్పింది. కొత్త లైనక్స్ టీముకి లీడర్ పేరు రేపు సాయంత్రం చెప్తానని నిన్న అన్నారాయన. ఇవాళ పొద్దున్న చూస్తే, లైనక్స్ ఎక్కించమని సీడీ తీసుకెళ్లి నెల కిందట చేరిన వసంత చేతిలో పెట్టారు. అప్పటినుంచీ రాజరాజేశ్వరికి కడుపు మండిపోతోంది.

"చెప్పక్కా. రెండోది ఖాళీగనే ఉన్నట్టుంది?"

"నన్నెందుకు అడుగుతావు పాపా? సారు పని నీకు కదా ఇచ్చినాడు."

"నాకేం ఎరుకక్కా, ఇయ్యాలే మొదలు."

"నీకు తోచినట్టు చెయ్."

వసంత రెండో భాగాన్ని తీసెయ్యమని నొక్కింది. మార్పులు డిస్కు మీద రాయమంటావా అని కంప్యూటర్ ఆఖరిసారి అడిగింది. వద్దంటే చాలు, ఇంకా ఏమీ పోలేదు. వసంత మళ్లీ పక్కకి తిరిగి చూసింది. రాజరాజేశ్వరి టీ కప్పు అందుకుంది. చల్లారిపోయిన టీ. అయినా గుక్క తర్వాత గుక్క తాగింది.

వసంత ఓకే నొక్కింది.

పావుగంట తర్వాత, భుజాలెత్తు చెక్క అడ్డుకి అవతలే ఉన్న తన సీటు నుంచి ఆంజనేయులు వచ్చారు.

"డి డ్రైవ్ ఏదమ్మా?"

వసంత మొహం పాలిపోయింది. "అది... ఖాళీ అనుకొని తీసేసిన సార్."

"రాజరాజేశ్వరిని అడగలేదా?"

వసంత తల దించుకుంది.

"లేదు సార్," అంది రాజరాజేశ్వరి. "అడిగింటే చెప్పేదాన్నే కదా."

ఖాళీ టీ కప్పు పక్కన పెట్టింది. ఇంక టీము ఎవరిదో తేలిపోయినట్టే అనుకుంది.

వసంత ఏడుపు ఆపుకోలేకపోయింది. "నా కొలువు పోతది కదా సార్?"

"ఏం పోదు. రిపోర్టులన్నీ నిన్ననే ఇంకో డిస్కులోకి కాపీ తీయించాను." ఆంజనేయులు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "టీములోకి నీలాంటి కొత్తవాళ్లు పన్నెండు మంది వస్తున్నారు. పక్కన కూర్చుని నేర్పే మనిషి కావాలి."

వసంత కొంగుతో కళ్లు తుడుచుకుంది. "అంటే ఇది పరీక్షనా సార్? నేను ఫెయిలైనట్టేనా?"

ఆయన రాజరాజేశ్వరి వైపు చూస్తూనే వసంతకి జవాబిచ్చారు.

"పరీక్ష నీకు కాదమ్మా."