తాడు ఎవరు తెంపారు?

గ్లైడర్‌ను పొదల్లోంచి ఇంకా బయటికి లాగకముందే క్యాంపస్‌లో తీర్పు వచ్చేసింది. ఒకటి కాదు, రెండు.

ఆంధ్రావాళ్ల తీర్పు: వించి నడిపినవాడు ఇంజను అడ్డదిడ్డంగా తొక్కి తాడు తెంపాడు. తెలంగాణవాళ్ల తీర్పు: పైన కూర్చున్నవాడు పొగరుగా ముక్కు నిట్టనిలువునా ఎత్తి తాడు తెంపాడు.

ఇంజను లేని ఆ చిన్న విమానాన్ని పైకి లేపేదే వించి. మైదానం అవతలి కొసన లారీ ఇంజనుకు బిగించిన పెద్ద చక్రం అది. పొడవాటి ఉక్కు తాడును చుట్టుకుంటూ గ్లైడర్‌ను గాలిపటంలా పైకి లాగుతుంది. మధ్యలో తాడు తెగితే పైలట్ వెంటనే ముక్కు కిందికి దించి, ఎదురుగా ఖాళీ నేల వెతుక్కోవాలి. మొన్నటిదాకా ఈ సంగతి క్యాంపస్‌లో పట్టుమని నలుగురికి తెలియదు. ఇప్పుడు టీకొట్టు దగ్గర సమోసా తినేవాళ్లు కూడా ముక్కు ఎంత ఎత్తాలో చేత్తో చూపిస్తున్నారు.

ధరణికి నవ్వు రాలేదు. గ్లైడర్ కదిలేటప్పుడు రెక్క నేలకు తగలకుండా కొస పట్టుకుని పరిగెత్తేది ఆమే. కాలేజీ గ్లైడింగ్ క్లబ్బులో ఆమె స్నేహితులు ఇద్దరు. కిట్టు తార్నాకలో పెరిగిన గుంటూరు కుర్రాడు. ఇస్త్రీ నలగని చొక్కా, నోట్లో ఇంగ్లీషు. పరశురాం జనగామ దగ్గర పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్నాడు. చేతులకు ఎప్పుడూ గ్రీజే. కిట్టు గాల్లో ఉంటాడని, పరశురాం వించి దగ్గర ఉంటాడని క్యాంపస్‌లో చెట్టుకూ పుట్టకూ తెలుసు.

ఆ రోజు బంద్. శిక్షణ ఇచ్చే సారు రాస్తారోకోలో చిక్కుకుని రాలేదు. ఆయన లేకుండా వించి ముట్టుకోకూడదని షెడ్డు గోడమీద ఎర్రటి అక్షరాలతో రాసి ఉంది. ఆ గోడ పక్కనే నిలబడి, ముగ్గురూ "ఒక్కసారే" అనుకున్నారు.

తాడు తెగింది. గ్లైడర్ తుమ్మపొదల్లో దూరి ముక్కు పగలగొట్టుకుంది. కిట్టుకు దవడ విరిగింది. పరశురాంకు చిన్న గీత కూడా పడలేదు. కిట్టును భుజాన వేసుకుని ఏడుస్తూ గేటుదాకా పరిగెత్తింది అతనే.

"చూశారా, చేసిన తప్పు తెలుసు కాబట్టే ఆ ఏడుపు" అంది ఒక గుంపు.

"చూసిన్రా, ఎంత మంచోడో. గసుంటోని మీద నింద ఏస్తరా?" అంది ఇంకో గుంపు.

మర్నాడు ధరణి ఆసుపత్రికి వెళ్లింది. డాక్టర్లు కిట్టు పళ్లు కలిపి తీగతో కట్టేశారు. మాట లేదు. ఆమెను చూడగానే చెయ్యి అడ్డంగా ఊపాడు, పెన్ను కావాలని సైగ చేశాడు.

"పరీక్షల బెంగ పెట్టుకోకు నాన్నా!" అంటూ తండ్రి అచ్యుతరామయ్య పెన్ను తీసి జేబులో పెట్టుకున్నాడు. ధరణి వైపు తిరిగి, "చూడమ్మా, ఆ వించివాడి మాట ఎత్తితే చాలు, మావాడు ఎలా వణికిపోతున్నాడో!" అన్నాడు.

"అంకుల్, అసలు జరిగింది..."

"నువ్వేం చెప్పనక్కర్లేదు. మీరు ఎటువైపు వాళ్లు? ఏ ఊరు?"

"తార్నాక."

"అది కాదమ్మా. అసలు ఊరు?"

ధరణి పుట్టింది, పెరిగింది, నడక నేర్చింది తార్నాకలోనే. ఆ సమాధానం ఎవరికీ పనికి రావడం లేదు.

అక్కణ్నుంచి హాస్టల్‌కి వెళ్లింది. పరశురాంను పోలీసులు పట్టుకుపోతారని విద్యార్థి నాయకుడు ఎంకన్న అతణ్ని గోల్నాకలో ఎవరింట్లోనో దాచేశాడు.

"అన్నా, ఒక్కసారి వాడితోని మాట్లాడాలి."

"ఏం మాట్లాడతవ్ చెల్లె? వాడు పొద్దుగాల నుంచి ఏదో చెప్తనే ఉన్నడు. నోరు మూసుకో తమ్మీ, నీ తరఫున మేం మాట్లాడతం అని చెప్పిన. గంతే."

"నేను కూడా అక్కడే ఉన్నానన్నా. నేను చూసిన..."

"మంచిగైంది. పైలట్‌దే తప్పని రాసియ్యి. ఇంతకీ మీదేవూరు?"

ధరణి వెనక్కి తిరిగింది. అన్నం సయించలేదు. ఇద్దరిలో ఒకణ్ని కాలేజీ నుంచి తీసేయడం ఖాయమని అందరూ చెప్పుకుంటున్నారు. ఎవరన్నదే తేలాలి.

విచారణ సెమినార్ హాల్లో పెట్టారు. న్యాయం సమంగా ఉండాలని అటువైపు ప్రొఫెసర్ ఒకరు, ఇటువైపు ప్రొఫెసర్ ఒకరు, తన్నుకోకుండా మధ్యలో అధ్యక్షుడిగా ఇన్నయ్య సారు. బయట ఒకవైపు "పైలట్‌ను డిస్మిస్ చెయ్యాలె!", ఇంకోవైపు "వించి ఆపరేటర్‌ని అరెస్టు చెయ్యాలి!" కిటికీ అద్దాలు అదురుతున్నాయి.

ప్రొఫెసర్లిద్దరూ వించి ఎన్నడూ చూడలేదు. అందువల్ల ఎవరికీ అనుమానాలు లేవు.

"నూటికి నూరుపాళ్లు వించి నడిపినవాడిదే తప్పు. ఇంతటి నిర్లక్ష్యానికి క్షమాపణ ఉండకూడదు" అన్నారు కోస్తా ప్రొఫెసర్.

"గా పైలట్‌కు గ్లైడర్ అప్పజెప్పుడే తప్పు. మల్ల ఈ జన్మల విమానం ముట్టొద్దు" అన్నారు తెలంగాణ ప్రొఫెసర్.

"రేపు మాట మారుస్తరా?" అని ఇన్నయ్య సారు ఇద్దర్నీ అడిగారు.

"ప్రాణం పోయినా!" ఇద్దరూ ఒకేసారి అన్నారు. అన్నాళ్లలో రెండు ప్రాంతాలూ ఏకాభిప్రాయానికి వచ్చింది అక్కడొక్కచోటే.

ఇన్నయ్య సారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, మూలన కూర్చున్న ధరణిని అప్పుడే చూశారు. ఏ ఊరని అడగలేదు.

"నువ్వు గాడనే ఉన్నవంట గద బిడ్డా. ఏం చూసినవ్?"

ధరణి లేచి నిలబడింది.

"ఆ రోజు సరదాకి ఇద్దరూ చోట్లు మార్చుకున్నారు సార్, గ్లైడర్‌ను పొదల్లో దించి బయటపడింది పరశురాం, వించి మీద కూర్చుని తెగిన తాడు దెబ్బకు దవడ విరగ్గొట్టుకుంది కిట్టు."